కాలు కదిపితే చాలు

మా బ్రాషియర్ కౌంటీలో డెల్ఫా స్టాంపర్ పేరు ఎరగని గడప లేదు. కౌంటీ జైల్లో ఆడవాళ్ళ వైపు తాళాలన్నీ ఇరవై ఏళ్ళకు పైగా ఆమె నడుముకే వేలాడాయి. జైలర్లు ఎన్నికల్లో గెలిచి వచ్చారు, ఓడి పోయారు, డెల్ఫా మాత్రం కదల్లేదు. ఏ పార్టీ జైలరు గెలిచినా ప్రమాణం చేసిన మర్నాడు పొద్దున్నే ఆమె ఇంటి ముందు కారాపి, "నువ్వు ఉంటావు కదా అత్తా?" అని అడిగి వెళ్ళేవాడు. కెంటకీ కొండల్లో అలా అడిగించుకున్న డిప్యూటీ జైలరు మరొకరు ఉన్నారేమో చెప్పండి, చూద్దాం.

రెన్ వాగు మొదట్లో, దారి ఆగిపోయిన చోట పుట్టిన పిల్ల ఆమె. ఒకటే గది, ఒకటే పొయ్యి, ఒకటే పంతులమ్మ ఉన్న బడిలో చదివింది. ఆ బడి ఎవరికీ పెద్ద ఉద్యోగాలు ఇవ్వలేదు గానీ, ఎదుటి మనిషి కళ్ళలోకి చూసి మాట్లాడడం మాత్రం అందరికీ నేర్పింది. మొగుడు ఆర్బీ గనిలో పనిచేసి, ఊపిరితిత్తుల నిండా బొగ్గుధూళి నింపుకుని, కుర్చీలో కూర్చునే నిద్రపోయే స్థితికి వచ్చి, చివరికి చనిపోయాడు. ఆ తర్వాతే ఆమె జైలు ఉద్యోగానికి వెళ్ళింది. అప్పటికి తుపాకీ పట్టుకోవడం తెలుసు, కోడిని కోయడం తెలుసు, తాగి వచ్చిన మగవాణ్ణి వాకిట్లోనే కూర్చోబెట్టి చల్లార్చడం తెలుసు. జైలు పనికి అంతకంటే ఏం కావాలి?

ఆమె చేసిన పనులు ఇప్పటికీ జనం చెప్పుకుంటారు. వరద వచ్చినప్పుడు జైలు ఇంకా కోర్టు భవనం కింది అంతస్తులో ఉండేది. నీళ్ళు మోకాళ్ళు దాటాయి, కరెంటు పోయింది. మగవాళ్ళ వైపు డిప్యూటీలు ఎవరి దారి వాళ్ళు చూసుకుంటుంటే, డెల్ఫా దుప్పట్లు చింపి తాడు పేని, ఆడవాళ్ళందరినీ వరసగా పట్టించి, "చెయ్యి వదిలినదాన్ని నేనే ముంచుతా" అని అరుస్తూ మెట్లెక్కించింది. పైకెళ్ళాక చూస్తే ఒక్కతె తగ్గలేదు, ఒక్కతె పారిపోలేదు. మర్నాడు పేపర్లో జైలరు ఫోటో పడింది. డెల్ఫాకు దక్కింది తడిసిన బూట్లు.

జైలు గదిలో ఒక పిల్లకు నెప్పులొస్తే అంబులెన్సు కొండ దిగేలోపు ఆమె చేతుల్లోనే కాన్పయింది. ఆ పుట్టిన పిల్లకు డెల్ఫా అనే పేరు పెట్టారు. ఆ పిల్ల ఇప్పుడు కిరాణా దుకాణంలో పనిచేస్తోంది. ఇంకోసారి గుండ్రాయిలాంటి ఆడమనిషొకత్తి బ్లేడు ముక్క పట్టుకుని దగ్గరికొస్తే కోస్తానంది. మగ డిప్యూటీలు కవచాలు తొడుక్కుంటున్నారు. డెల్ఫా ఆమె ఎదురుగా నేల మీద చతికిలబడి, బూటు విప్పి, బొటనవేలి దగ్గర పుట్టిన ఆనెకాయను రాసుకుంటూ, "కొయ్యదలిస్తే ముందు దీన్ని కొయ్యవే తల్లీ, పీడా పోతుంది" అంది. ఆ మనిషి నవ్వి బ్లేడు కింద పడేసింది.

వీటన్నిటికంటే డెల్ఫా గొప్పగా చెప్పుకునేది ఒకటుంది. ఆమె కాపలాలో ఆడవాళ్ళ నడవలో చావు లేదు. పక్క కౌంటీల జైళ్ళలో ఉరిపోసుకున్నవాళ్ళు ఉన్నారు, మాత్రలు మింగి పోయినవాళ్ళు ఉన్నారు. డెల్ఫా నడవలో ఒక్కరు కూడా లేరు. అది చెప్పేటప్పుడు ఆమె గొంతు కొంచెం పెరిగేది. ఎందుకు పెరగకూడదు?

దానికి కారణం ఆమె పెట్టిన పద్ధతే అని అందరూ అనేవాళ్ళు. జైల్లో గదుల్లో దీపాలు ఆర్పరు. అందుకని పగలైనా, ఎప్పుడైనా నిద్ర కావలసినవాళ్ళు దుప్పటి తల మీదికి లాక్కుని పడుకుంటారు. రూలు ప్రకారం డిప్యూటీ గంటగంటకూ తిరిగి ప్రతి మనిషి ముఖమూ చూడాలి, ఊపిరి ఆడుతున్నట్టు రొమ్ము కదలడం చూడాలి. అంటే గంటగంటకూ తలుపు బాది అందరినీ లేపాలి. లేచినవాళ్ళు తిట్టేవాళ్ళు, ఏడ్చేవాళ్ళు, ఒకరి మీద ఒకరు పడి కొట్టుకునేవాళ్ళు. డెల్ఫా ఆలోచించి ఒక మాట చెప్పింది. "దుప్పట్లోంచి ఒక కాలు బయట పెట్టుకోండి. నేను తాళంచెవితో తలుపు మీద రెండుసార్లు తడతాను. వేళ్ళు కదపండి. నేను పోతాను. మీ నిద్ర మీది." అంతే, నడవ చల్లబడింది. కొత్తగా చేరిన డిప్యూటీలకు మొదట నేర్పేది ఇదే. తనిఖీకి వచ్చిన పెద్దమనుషులకు జైలరు స్వయంగా ఈ సంగతి చెప్పి, "మా డెల్ఫా బుర్ర" అని భుజం తట్టేవాడు.

ఇప్పటి జైలరు గార్నెట్ స్లోన్. టైర్ల దుకాణం నడుపుకుంటూ రాజకీయాల్లోకి వచ్చినవాడు. మంచివాడే, కాకపోతే ఎన్నికలు దగ్గరపడితే మంచితనం దాచిపెట్టుకునే రకం. ఆ ఏడు ఎన్నికలు దగ్గరపడ్డాయి.

ఒక శనివారం రీవా గేహార్ట్ కూతురు కెండ్రాను పట్టుకొచ్చారు. కోర్టు వాయిదాకు రాలేదని వారంటు. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, చెక్కినట్టుండే ముఖం, చేతుల నిండా గోక్కున్న మచ్చలు. మత్తుమాత్రలకు అలవాటు పడిన పిల్ల అని చూడగానే తెలుస్తుంది. మా కొండల్లో అలాంటివాళ్ళు లేని ఇల్లు వెతికితే దొరకదు.

ఆదివారం చర్చిలో రీవా, డెల్ఫా ఎప్పటిలాగే పక్కపక్కన నిలబడి పాడారు. చిన్నప్పటి నుంచి ఒకే బెంచీ వాళ్ళది. ప్రార్థన అయ్యాక రీవా ఆమె చెయ్యి పట్టుకుని పక్కకు లాక్కెళ్ళింది.

"జామీను కట్టొద్దన్నా మా ఆయన్ని. కడితే మళ్ళీ ఆ మాత్రలమ్మే కొంపకే పోతుంది. నీ దగ్గరుంటే బతుకుతుంది డెల్ఫా."

"ఉండనీ. కంటికి రెప్పలా చూసుకుంటాలే."

"దానికి నిద్ర లేదే. ఎన్నాళ్ళయిందో నిద్రపోయి. కాస్త నిద్రపోనివ్వండి దాన్ని. నిద్రపోతే మనిషవుద్ది."

"పోనిస్తాను. నేను మాటిస్తున్నా కదా."

సోమవారం నుంచి కెండ్రాకు వాంతులు మొదలయ్యాయి. మాత్రలు ఆగినవాళ్ళందరికీ అయ్యేవే. డెల్ఫా ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు తాగిస్తే అవీ బయటికొచ్చాయి. ఒళ్ళంతా నెప్పులు, పళ్ళు కొరుకుడు, గోడకు కాళ్ళు తన్నడం. అదే గదిలో ఉన్న బర్డీ ఫ్యూగేట్ ఆ పిల్ల తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బర్డీది యాభై దాటిన వయసు. దుకాణాల్లో చేతివాటం చూపించి లోపలికి రావడం, బయటికి పోవడం, మళ్ళీ రావడం ఆమెకు అలవాటు. డెల్ఫా ఆమెను "మా చుట్టం వచ్చింది" అని ఆటపట్టించేది.

"ఏమే చుట్టం, దీనికి నీళ్ళు నిలుస్తున్నాయా?"

"నిలిస్తే నా ఒడి తడవదు కదక్కా. చూడు, నా బట్టలు పిండితే బకెట్ నిండుద్ది."

డెల్ఫా వెళ్ళి గార్నెట్‌ను అడిగింది. నర్సు వచ్చేది మళ్ళీ గురువారమే.

"ఆ పిల్లని ఆస్పత్రికి పంపుదాం గార్నెట్. ఒంట్లో నీరు లేదు. పెదాలు చూడు, బీటలు వారిపోయాయి."

గార్నెట్ కుర్చీలో వెనక్కి వాలాడు. "అత్తా, మాత్రలు మానేటప్పుడు కక్కని మనిషిని నువ్వెప్పుడైనా చూశావా?"

"చూళ్ళేదు."

"మరి? ఆస్పత్రికి పంపితే పక్కనే ఇద్దరు డిప్యూటీలు కూర్చోవాలి. నా దగ్గరున్నదే గుప్పెడు మంది. మూడో రోజుకి అదే లేచి అన్నం అడుగుద్ది. ఎంతమందిని చూశాం మనం!"

నిజమే, ఎంతోమందిని చూశారు. అందరూ లేచారు. డెల్ఫా ఇంకొక్క మాట అనబోయి ఊరుకుంది. ఊరుకున్నానన్న సంగతి కూడా ఆమెకు అప్పుడు తెలియలేదు.

మంగళవారం మధ్యాహ్నం భోజనాల తర్వాత ఆ గదిలో చప్పుడు ఆగింది. డెల్ఫా గదుల వరస తిరుగుతూ వచ్చి తలుపు అద్దంలోంచి చూసింది. కెండ్రా కింది మంచం మీద దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది, ఒక పాదం బయట ఉంది. బర్డీ మంచం చివర కూర్చుని ఉంది. డెల్ఫా తాళంచెవితో తట్టింది. పాదం కదలలేదు. మళ్ళీ తట్టింది. పాదం కదిలింది. కానీ వేళ్ళు కదిపినట్టు కాదు, మొత్తం పాదం పక్కకు ఊగినట్టు కదిలింది. అప్పుడు చూసింది డెల్ఫా: బర్డీ చెయ్యి మణికట్టు దాకా దుప్పట్లో ఉంది.

బర్డీ తలెత్తి వేలు పెదాల మీద పెట్టుకుంది. కళ్ళతోనే బతిమాలింది. లేపకు, ఇప్పుడే పడుకుంది.

డెల్ఫా నవ్వింది. బర్డీకి వేలు చూపించి బెదిరించినట్టు చేసి, పక్క గదికి వెళ్ళింది. పిల్లకు నిద్ర పట్టింది. రీవాకు ఇచ్చిన మాట నిలబడింది. వరస ముగిసేదాకా ఆమె ఒంట్లో ఒకలాంటి తేలిక ఉంది. తర్వాత వరసలోనూ బర్డీ అక్కడే కూర్చుని ఉంది. పాదం మళ్ళీ అలాగే ఊగింది. డెల్ఫా మళ్ళీ అలాగే పోయింది.

సాయంత్రం అన్నం పళ్ళేలు వచ్చేసరికి బర్డీ కేక వినిపించింది. అది తగాదా కేక కాదని నడవలో ఉన్న ప్రతి ఆడదానికీ తెలిసిపోయింది.

డెల్ఫా తలుపు తీసి దుప్పటి లాగింది. ముఖం బూడిద రంగులో ఉంది, కళ్ళు సగం తెరుచుకుని ఉన్నాయి. పెదాల మీద ఎండిన తెల్లటి చార. ఆమె పిల్లను నేల మీదికి దించి, రొమ్ము మీద రెండు చేతులూ పెట్టి నొక్కడం మొదలుపెట్టింది. మోకాళ్ళు పగిలిపోతున్నా ఆపలేదు. అంబులెన్సు వాళ్ళు వచ్చి ఆమె చేతులు పట్టుకుని పక్కకు జరిపేదాకా ఆపలేదు. వాళ్ళు కాసేపు నొక్కి, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఎల్వుడ్ పాటర్ వచ్చాడు. ఊళ్ళో శవాలను సాగనంపే ఇల్లు ఆయనదే, కౌంటీలో చావు విచారణ చేసే అధికారి కూడా ఆయనే. ఆయనా ఎన్నికైనవాడే. టోపీ తీసి, "చల్లబడి చాలాసేపయింది డెల్ఫా" అన్నాడు మెల్లగా.

బర్డీ గోడకు ఆనుకుని కూర్చుని, "నిద్రపోతోందనుకున్నా అక్కా, నిద్రపోతోందనుకున్నా" అని అదే మాట అంటూనే ఉంది.

రాష్ట్ర పోలీసులు వచ్చి అడిగారు. ఏం చూశావు? కాలు కదిలింది, చూశాను, అంది డెల్ఫా. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. నడవ చివరి కెమెరా ఎప్పటి నుంచో గుడ్డిదే. బర్డీని అడిగారు. నేనే కదిపాను, పిల్ల లేస్తుందని కదిపాను, అంది బర్డీ. అంతకు మించి ఒక్క మాట అనలేదు. ఆమెను తీసుకెళ్ళి ఒంటరి గదిలో పెట్టారు. డిప్యూటీని మోసం చేసి చావుకు కారణమైందని కేసు పెడతామన్నారు. అంతకుముందు ఎన్ని కేసులున్నాయో లెక్క తీస్తే, ఇది పడిందంటే బర్డీ రాష్ట్ర జైల్లోనే ముసలిదై పోతుంది.

కెండ్రాను గేహార్ట్‌ల కొండ మీద పాతిపెట్టారు. వానలో బురద బూట్లకు పట్టుకుంటుంటే రీవా వరసలో ఉన్న ఒక్కొక్కరినీ కావలించుకుంటూ వచ్చింది. డెల్ఫా దగ్గరికి వచ్చినప్పుడు ఎక్కువసేపు పట్టుకుంది.

"నీ తప్పేం లేదే. నువ్వు చూసుకున్నావు. ఆ బర్డీ ముండ చేసింది ఇదంతా. దానికి దేవుడే చెప్పాలి."

డెల్ఫా నోరు తెరిచింది. వెనకాల వరస తోసుకొచ్చింది. రీవా పక్కవాళ్ళ చేతుల్లోకి వెళ్ళింది.

ఆ తర్వాత రోజుల్లో డెల్ఫాకు బియ్యపు గింజంత తిండి లోపలికి పోలేదు. మొక్కజొన్న రొట్టె చేసుకుని కుక్కకు వేసేది. ఒకరోజు మధ్యాహ్నం డ్యూటీలో ఒంటరి గది ముందు ఆగింది. బర్డీ కింద కూర్చుని గోడకు వీపు రాసుకుంటోంది.

"ఎందుకు చెప్పలేదే నువ్వు?"

"ఏం చెప్పాలక్కా?"

"నీ చెయ్యి నేను చూశానని. చూసి పోయానని."

బర్డీ నవ్వింది. ఆ నవ్వులో వెటకారం ఉన్నా కోపం లేదు. "నేను చెబితే ఎవరు నమ్ముతారు? వరదలో అందరినీ దాటించిన డెల్ఫా స్టాంపర్ నా చెయ్యి చూసి ముసిముసిగా నవ్వింది అని పోలీసు దగ్గర చెప్తే, ఆయన రాసుకుంటాడా, కొడతాడా? దొంగముండని, అక్కా. నా నోట్లోంచి వచ్చే నిజం కూడా దొంగసొత్తే."

"నామీద కోపం లేదా?"

"ఉంది. ఏం చేసుకోను దాన్ని? ఇక్కడ పెట్టుకోడానికి చోటేదీ?" అని బర్డీ అటు తిరిగింది. గోడ వైపే చూస్తూ, "చివర్లో అది నా వేలు పట్టుకుందక్కా" అంది. "నేను నిద్రలో అనుకున్నా."

చావు విచారణ ముందురోజు గార్నెట్ తలుపు వేసి డెల్ఫాను కూర్చోబెట్టాడు. స్వయంగా కాఫీ పోసి ఇచ్చాడు.

"రేపు జ్యూరీ ముందు ఎక్కువ మాట్లాడకత్తా. నియమం ప్రకారం వరస తిరిగాను, తట్టాను, కాలు కదిలింది. అంతే. అదంతా నిజమే కదా?"

"నిజమే."

"ఆ ఆడది మోసం చేసింది. అదీ నిజమే."

"ఊఁ."

"మరింకేం? నువ్వు వచ్చే వేసవికి రిటైరవుతున్నావు. కోర్టు భవనంలో నీ పేరుతో ఒక ఫలకం పెట్టిద్దామని కౌన్సిల్లో మాట్లాడాను. నీలాంటి డిప్యూటీ ఈ కొండల్లో మళ్ళీ పుట్టదు. దాన్నంతా ఒక బర్డీ ఫ్యూగేట్ కోసం బురదలో వేస్తావా?" గొంతు తగ్గించాడు. "నువ్వు వేరేగా చెప్పావంటే ఆ పిల్లని ఆస్పత్రికి ఎందుకు పంపలేదని కూడా అడుగుతారు. అప్పుడు నేనూ పోతాను, నువ్వూ పోతావు. ఎవరికి లాభం?"

డెల్ఫా కాఫీ తాగకుండానే లేచింది.

విచారణ కోర్టు భవనం పై అంతస్తులో జరిగింది. వరద నాడు ఆమె ఆడవాళ్ళను తెచ్చి నిలబెట్టిన గదే అది. ఆరుగురు జ్యూరీ మనుషులు. ఒకడు స్కూలు బస్సు తోలేవాడు, ఒకామె నీళ్ళ ఆఫీసులో గుమాస్తా, మిగతావాళ్ళు వాగుల వెంబడి ఉండే రైతులు. అందరికీ డెల్ఫా తెలుసు. ఆమె లోపలికి వస్తుంటే ఒకాయన లేచి నిలబడబోయి, తనెక్కడున్నాడో గుర్తొచ్చి కూర్చున్నాడు. రీవా ముందు బెంచీలో నల్లబట్టలతో కూర్చుని ఉంది. బర్డీని సంకెళ్ళతో ఒక మూల కూర్చోబెట్టారు.

ఎల్వుడ్ అడిగాడు. డెల్ఫా చెప్పింది. వరస తిరిగాను. తట్టాను. కాలు కదిలింది. అక్కడ ఆగింది. గార్నెట్ గోడ దగ్గర నిలబడి ఊపిరి వదిలాడు.

"ఇంకేమైనా ఉందా డెల్ఫా?" అన్నాడు ఎల్వుడ్. అది ప్రతి సాక్షినీ అడిగే మాటే.

"ఉంది" అంది డెల్ఫా. "ఆ కాలు పిల్ల కదపలేదు. నాకది అప్పుడే తెలుసు."

గదిలో కుర్చీలు కదిలిన చప్పుడు.

"బర్డీ చెయ్యి దుప్పట్లో ఉంది. నేను చూశాను. అది నన్ను మోసం చెయ్యలేదు. నాకు చూపించే చేసింది. నిద్రపోతోంది, లేపకు అంది. నేను సరే అన్నాను. నవ్వాను కూడా. మళ్ళీ వచ్చినప్పుడూ చూశాను, మళ్ళీ పోయాను. ముఖం చూడాలని రూలు. తలుపు తీసి దుప్పటి లాగి ఉంటే చూసేదాన్ని. కాలు చాలు అనే పద్ధతి నాది. నేనే పెట్టాను. అందరికీ నేర్పాను. ఇన్నేళ్ళూ దాన్ని పట్టుకుని గొప్పలు చెప్పుకున్నాను." గార్నెట్ వైపు చూడకుండానే అంది: "ఆస్పత్రికి పంపమని అడిగాను. కాదంటే పోరాడలేదు. అది కూడా నాదే. కాదన్నవాళ్ళది వాళ్ళు చెప్పుకుంటారు."

బర్డీ సంకెళ్ళ చేతులతో ముఖం కప్పుకుంది.

జ్యూరీ లోపలికి వెళ్ళింది. బయట మెట్ల దగ్గర రీవా వచ్చి డెల్ఫా ఎదురుగా నిలబడింది.

"చూశావా?"

"చూశాను."

"కొండ మీద నిన్ను కావలించుకున్నానే."

"తెలుసు."

"అప్పుడెందుకు నోరు మెదపలేదే?"

రీవా డెల్ఫా ముఖంలోకి చూసింది, ఎవరో కొత్త మనిషిని చూసినట్టు. "నిద్రపోనివ్వమన్నది నేనే కదా" అంది గొణుగుతూ. ఆ మాట డెల్ఫాతో అన్నదో, తనతోనే అనుకున్నదో తెలియలేదు. తర్వాత మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆ ఆదివారం నుంచి ఆమె చర్చిలో అటువైపు వరసలో నిలబడి పాడుతోంది.

జైలు నిర్లక్ష్యం వల్ల జరిగిన చావు అని జ్యూరీ తేల్చింది. బర్డీ మీద కొత్త కేసు వద్దని ప్రాసిక్యూటరు ఆ వారంలోనే చెప్పేశాడు. గార్నెట్ ఎన్నికల్లో ఓడిపోయాడు, మళ్ళీ టైర్ల దుకాణానికి వెళ్ళాడు. డెల్ఫా మీద ఎవరూ కేసు పెట్టలేదు. ఆమె తాళాల గుత్తి బల్ల మీద పెట్టి సంతకం చేసి బయటికొచ్చింది. ఫలకం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడు ఆడవాళ్ళ నడవలో గంటగంటకూ తలుపులు బాదుతారు. లోపలివాళ్ళు డెల్ఫా పేరు పెట్టి తిట్టుకుంటారు. కొందరు ఆమె వల్ల నిద్ర పోయిందని, కొందరు ఆమె లేనందువల్ల నిద్ర పోయిందని.

చలికాలం మొదట్లో బర్డీ పాత కేసు గడువు తీరింది. తీసుకెళ్ళడానికి ఎవరూ రారని తెలిసి డెల్ఫా కారు వేసుకుని గేటు దగ్గర ఆగింది. బర్డీ ప్లాస్టిక్ సంచిలో బట్టలతో వచ్చి, కారు చూసి, నిలబడి, చివరికి ఎక్కింది.

"ఇంటికి రా. చిక్కుడు గింజలు ఉడకబెట్టాను. రొట్టె ఉంది. నాలుగు రోజులుండి పో."

"ఉంటే ఏమవుతుందక్కా?"

"తింటావు. పడుకుంటావు."

"పడుకుంటానా?" బర్డీ అద్దంలోంచి బయటికి చూస్తూ అంది. "నువ్వు నిజం చెప్పావు. మంచిదే, చేతులకి సంకెళ్ళు తీసేశారు. నువ్వు చెప్పినందుకు నాకు నిద్ర వస్తుందనుకున్నావా? నా వేలు ఆ పిల్ల ఇంకా పట్టుకునే ఉంది."

కారు వాగు పక్కన పోతోంది. పాత బొగ్గు తూకపు గది దాటాక కుడివైపు ఒక దారి లోయలోకి చీలుతుంది. ఆ లోపల ఏ ఇంట్లో మత్తుమాత్రలు అమ్ముతారో మా కౌంటీలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

"ఇక్కడ ఆపు" అంది బర్డీ.

"ఆపను."

"ఆపక్కా."

"ఇక్కడ దించడానికేనా నేను జ్యూరీ ముందు నిలబడింది?"

"నాకేం తెలుసు నువ్వెందుకు నిలబడ్డావో? నీ కోసం నిలబడ్డావేమో. నేను నిన్ను అడగలేదు." బర్డీ గొంతులో అరుపు లేదు, అలసట ఉంది. "ఆపు. నువ్విప్పుడు నాకు డిప్యూటీవి కాదు."

డెల్ఫా ఆపింది. బర్డీ సంచి తీసుకుని దిగింది. తలుపు వెయ్యబోయి, వంగి, "చలికి నీ మోకాళ్ళు నెప్పులు, పో ఇంటికి" అంది. తలుపు మెల్లగా వేసి, లోయ దారిలోకి నడిచింది. మొదటి ఇంటి మెట్లు ఎక్కింది. తలుపు తెరుచుకుంది, మూసుకుంది.

డెల్ఫా ఇంటికి పోలేదు. కారు పక్కకు తీసి, ఇంజిను ఆపి, కోటు బొత్తాలు పెట్టుకుని కూర్చుంది. కాసేపటికి ఆ ఇంట్లోంచి గడ్డం కుర్రవాడొకడు వచ్చి అద్దం మీద తట్టాడు.

"ఏంటమ్మమ్మా, ఇక్కడ ఆపావు? ఎవరికోసం?"

"మా మనిషి లోపలుంది."

"దానికి చాలాసేపు పట్టుద్ది."

"పట్టనీ" అంది డెల్ఫా. "నేను ఉంటాను."